రెండు వైపులా చూశాక మిగిలే పేగు

చిరంజీవికి ఆశీస్సులు.

హిమోగ్లోబిన్ నిలవని నీ రోగి గురించి రాసిన ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగాను: "పైనుంచీ కిందనుంచీ చూశాను, ఏమీ లేదు." నోటి నుంచి వేసే ఎండోస్కోపు, మలద్వారం నుంచి వేసే కొలనోస్కోపు, ఆ రెండు గొట్టాలకూ అందని చిన్నపేగు మీటర్ల కొద్దీ మిగిలే ఉందమ్మా. జీర్ణకోశ క్యాన్సర్లలో అక్కడ పుట్టేవి సుమారు 3 శాతమే కాబట్టి దాని మీదికి మన ధ్యాస పోదు. ఐరన్ ఆపగానే హిమోగ్లోబిన్ మళ్ళీ పడిపోతోందంటే పోవాలి.

కొత్త పరీక్ష రాసేముందు పాతవాటిని తిరగెయ్యి. ఎండోస్కోపు డుయోడినంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, ఎంతదాకా వెళ్ళింది? పేగు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్, చిన్నపేగు అడినోకార్సినోమా, ఎక్కువగా కనిపించేది అక్కడే. పిత్తనాళం పేగులోకి తెరుచుకునే ఆంపుల్లా సరిగా కనబడకపోతే పక్కకు చూసే స్కోపు పెట్టు. కొలనోస్కోపీలో పెద్దపేగు మొదలైన సీకం చేరగానే వెనక్కి తిరిగావా, చిన్నపేగు ఆఖరి భాగమైన ఇలియం చివరలోకి తొంగిచూశావా? హార్మోన్లు చేసే కణాల నుంచి పుట్టే న్యూరోఎండోక్రైన్ గడ్డలు తరచూ తలదాచుకునేది ఆ మూలనే. చిన్నపేగు క్యాన్సర్ ముప్పు పెంచే లించ్ సిండ్రోమ్, పాయిట్జ్-జెగర్స్ (ఈ రెండూ వంశపారంపర్యం), పేగు వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు ఉన్నాయేమో కూడా అడుగు.

ఇక క్యాప్సూల్, అంటే రోగి మింగే చిన్న కెమెరా. తిన్నాక మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతులు ఉంటే దాన్ని చేతికివ్వకు. పేగు ఇరుకై ఉండొచ్చు; ముందు చిన్నపేగును చూపే సీటీ స్కాన్, సీటీ ఎంటరోగ్రఫీ, చేయించు. ఒకసారి నేను తొందరపడ్డాను. క్యాప్సూల్ వెళ్ళి గడ్డ దగ్గరే ఇరుక్కుంది. సర్జన్ రెండింటినీ కలిపి తీశాడు. జబ్బు దొరికిందని అందరూ మెచ్చుకుంటుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

క్యాప్సూల్ వీడియో శుభ్రంగా ఉందని ఫైలు మూసెయ్యకు. అది పేగు తోసినట్టు పోతుందే కానీ ఆగి చూడమంటే ఆగదు. పేగు మొదటి భాగంలో మరీ వేగంగా జారిపోతుంది. పొర కింద పెరిగే ఒంటరి గడ్డ ఒకటి రెండు ఫ్రేముల్లో ఉబ్బులా మెరిసి మాయమవుతుంది. అలసిపోయిన కళ్ళతో రాత్రిపూట వీడియో చదవకు. అనుమానం తీరకపోతే సీటీనో ఎమ్మారైనో తోడు తెచ్చుకో. ఎమ్మారై మాత్రం క్యాప్సూల్ బయటికి వచ్చేసిందని తేల్చుకున్నాకే.

పరీక్షకు గడ్డ ముక్క తీయాలంటే బెలూన్ సాయంతో చిన్నపేగు లోతుకు వెళ్ళే స్కోపు, బెలూన్ ఎంటరోస్కోపీ, తప్పదు. నోటి నుంచా, మలద్వారం నుంచా అన్నది గడ్డ కనబడిన చోటును బట్టి నిర్ణయించుకో. దాని పక్కన నల్లసిరాతో గుర్తు పెట్టడం మరిచిపోకు, లేకపోతే సర్జన్ పేగంతా తడుముకోవాలి. పొర కింద గడ్డ జిస్ట్ (పేగు గోడలో పుట్టే ఒక రకం కంతి) లా ఉంటే పైపై బయాప్సీ మామూలుగా రావచ్చు, పైగా రక్తం కారుతుంది. అక్కడ ముక్క తీసేముందు సర్జన్‌తో మాట్లాడు.

నీ రోగి వీడియో పేరు తీసేసి నాకు పంపు. మొదటి గంట భాగం ఇద్దరం కలిసి చూద్దాం.