ఒక్క పాప ఫొటోకి కన్నీళ్లొస్తాయి, నలభై పేర్ల జాబితాకి ఏమీ అనిపించదు. నా మనసు మొద్దుబారిందా?

మీరు అడిగింది ఇది: పూర్వ విద్యార్థులంతా కలిసి నడుపుకునే వైద్య సహాయ నిధికి వచ్చే దరఖాస్తులు మీరు చూస్తారు. వాట్సాప్‌లో ఒక పాప ఫొటో వస్తే గుండె తరుక్కుపోతుంది, సాయంత్రానికల్లా డబ్బు పోగవుతుంది. అదే నెలాఖరున నలభై పేర్ల జాబితా ముందుకొస్తే ఏమీ కదలదు. పైగా ఈ మధ్య రోగుల బంధువుల ఫోన్ మోగితేనే చిరాకేస్తోంది.

మీ మనసు మొద్దుబారలేదండీ. ఇక్కడ రెండు వేరు వేరు సంగతులున్నాయి. మొదటిది మనుషులందరిలో ఉండేదే, రెండోది అలసట. మందు కూడా దేనికదే.

సహానుభూతికి లెక్కలు రావు. 2007లో స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒక సర్వేలో పాల్గొన్నందుకు 5 డాలర్లు అందుకున్నవాళ్లను అందులోంచి కొంత విరాళం అడిగారు. మాలి దేశపు ఏడేళ్ల పాప రోకియా ఫొటో, కథ చూసినవాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. ఆఫ్రికాలో లక్షల మంది ఆకలితో ఉన్నారన్న అంకెలు మాత్రమే చదివినవాళ్లు 1.14 ఇచ్చారు. పాప కథతో పాటు అంకెలు కూడా చూపిస్తే పెరగాలి కదా? 1.43కి పడిపోయింది. పక్కన అంకెలు చేరగానే పాప మీది జాలి కూడా తగ్గిందన్నమాట.

దీనికి ఒక కారణాన్ని 2011లో కామెరాన్, పేన్ పట్టుకున్నారు. తర్వాత డబ్బు అడుగుతారని ముందే తెలిస్తే, ఒక్కరి మీద కలిగినంత జాలి కూడా ఎనిమిది మంది మీద కలగలేదు. అడగరని తెలిసినప్పుడు ఆ తగ్గుదల కనిపించలేదు. భరించలేనంత భారం మీద పడబోతోందని పసిగట్టి మనసు ముందే తలుపు మూసుకుంటోంది. దీన్నుంచి మీ కమిటీ నేర్చుకోవలసింది ఒకటుంది: దరఖాస్తులు చదివే రోజునే డబ్బు పంచే పని పెట్టుకోవద్దు. మొదటి సమావేశంలో చదవడం, సందేహాలు రాసుకోవడం, అంతే. ఎవరికి ఎంత అన్నది రెండు మూడు రోజుల తర్వాత. చదివేటప్పుడు జేబు గుర్తుకు రాకపోతే జాబితాలోని పేర్లు మనుషులుగా కనిపిస్తాయి.

ఇంతకంటే ముఖ్యమైనది 1995లో బాట్సన్ బృందం చేసిన ప్రయోగం. ప్రాణాంతక వ్యాధి ఉన్న పదేళ్ల షెరీ అనే పాప (కల్పిత పాత్ర) మాటలు వినిపించి, సహాయం కోసం వరుసలో ఉన్న ఇతర పిల్లలను దాటించి ఆమెను ముందుకు తెస్తారా అని అడిగారు. ఆ వరుసలో ఆమెకంటే అవసరం ఎక్కువున్నవాళ్లూ, ముందునుంచీ ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు. తటస్థంగా వినమన్నప్పుడు మూడోవంతు మందే ముందుకు జరిపారు. పాప ఎలా ఫీలవుతోందో ఊహించుకుంటూ వినమన్నప్పుడు దాదాపు నాలుగింట మూడు వంతుల మంది జరిపారు. వెనక్కి జరిగిన పిల్లల గొంతు ఎవరికీ వినిపించలేదు.

సహాయ నిధుల్లో అన్యాయం జరిగేది ఎక్కువగా ఇక్కడే. స్వార్థం వల్ల కాదు, మంచితనం వల్ల. ఫొటో బాగున్న పాపకి, చక్కగా మాట్లాడగలిగే తండ్రికి, కమిటీలో ఎవరో ఒకరు తెలిసిన ఇంటికి డబ్బు వెళ్లిపోతుంది. డయాలసిస్ మీద ఉన్న అరవై ఏళ్ల మనిషి, మానసిక రోగి, తాగుడు వల్ల కాలేయం పాడైన కూలీ మిగిలిపోతారు. 'వాడు చేతులారా చేసుకున్నాడు' అన్న ఒక్క మాటతో ఫైలు మూసుకుంటుంది. ఇందులో మెదడు పాత్ర కూడా ఉంది. 2010లో డెసెటీ బృందం చూపించినదాని ప్రకారం, రక్తమార్పిడి వల్ల ఎయిడ్స్ వచ్చిన మనిషి నొప్పికి స్పందించినంతగా, మాదకద్రవ్యాల సూది వల్ల వచ్చిన మనిషి నొప్పికి చూసేవాళ్లు స్పందించలేదు. నొప్పి ఇద్దరిదీ ఒకటే.

అందుకని ఫొటోని డబ్బు పోగుచేయడానికి వాడుకోండి (ఇంటివాళ్ల అనుమతితో, పని అయ్యాక తీసేస్తూ). పంచేటప్పుడు మాత్రం ఫొటో, పేరు, ఊరు, కులం తెలియజేసే ఏ వివరమూ కాగితం మీద ఉండకూడదు. ప్రతి దరఖాస్తుకూ ఒక నంబరు, ఒక పేజీ. ఆ పేజీలో ఇవి చాలు: ఆసుపత్రి ఇచ్చిన అంచనా, ఆరోగ్యశ్రీ లేదా బీమా పోను మిగిలే లోటు, ఇంట్లో సంపాదించేవాళ్లు ఎందరు, వేరే చోట అడిగారా, ముప్పై రోజుల్లో డబ్బు అందకపోతే వైద్యపరంగా ఏమవుతుంది. చివరి ప్రశ్నకు జవాబు డాక్టర్ దగ్గర్నుంచి రావాలి, బంధువుల దగ్గర్నుంచి కాదు. ఇద్దరు సభ్యులు ఒకరికొకరు చెప్పుకోకుండా పదికి మార్కులు వేయాలి. తేడా మూడు దాటితే మూడో మనిషి చూడాలి. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే వెళ్లాలి.

అంకెలు కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఉదాహరణకు ఒక పల్లె మనిషి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పట్నం వెళ్లిరావాలి. చికిత్స ఉచితమే అనుకున్నా, రానుపోను 200 రూపాయలైతే నెలకు 2,600 అవుతుంది. ఆ ఛార్జీలు లేక వారానికి ఒకసారి మానేసేవాళ్లున్నారు, మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. ఒక లక్ష రూపాయలతో అలాంటి మనిషి మూడేళ్లకు పైగా ఒక్కసారి కూడా తప్పకుండా వెళ్లగలడు. బస్సు ఛార్జీకి ఎవరికీ కన్నీళ్లు రావు. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడి జన్యువ్యాధికి దాదాపు 16 కోట్ల రూపాయల మందు జనం విరాళాలతో అందింది. అది గొప్ప విషయం, కాదనను. కానీ అంత కరుణ పుట్టించే శక్తి బస్సు ఛార్జీకి ఎప్పటికీ రాదు కాబట్టి, దాని తరఫున నియమమే మాట్లాడాలి.

మనసుకు అసలు చోటే లేకుండా చేయమనడం లేదు. అలా చేస్తే కొన్నాళ్లకు మనుషులు నియమాలను దొడ్డిదారిన దాటేయాలని చూస్తారు. నిధిలో 15 లేదా 20 శాతం విడిగా పెట్టండి, దాన్ని సభ్యులు తమ మనసుకు తోచినట్టు ఇవ్వవచ్చు. ఆ పరిమితి సంవత్సరం మొదట్లోనే రాసిపెట్టాలి, ఏ ఫొటో వచ్చినా మారకూడదు.

ఇంకో అపోహ గురించి కూడా చెప్పాలి. 'ఆ బాధ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది, కిడ్నీ కేసులు చూసే పని వాళ్లకే ఇద్దాం' అంటుంటారు. 2015లో రటన్, మెక్‌డానెల్, నార్డ్‌గ్రెన్ చేసిన పరిశోధనలో దీనికి ఎదురు కనిపించింది. ఒక కష్టాన్ని గట్టెక్కినవాళ్లు, అదే కష్టంలో తట్టుకోలేక ఓడిపోతున్నవాళ్ల మీద ఎక్కువ కఠినంగా ఉన్నారు. తాము పడ్డ నొప్పి తీవ్రత మరిచిపోయి, 'నేను నెట్టుకొచ్చాను కదా' అన్నది మాత్రం గుర్తుంచుకుంటారు. వాళ్ల అనుభవం సలహాకు పనికొస్తుంది. మార్కులు మాత్రం వేరేవాళ్లు వేయాలి.

ఇక మీ రెండో సంగతి, ఫోన్ మోగితే చిరాకు.

ఎదుటివాళ్ల బాధ చూసినప్పుడు లోపల రెండు రకాల కదలికలు పుడతాయి. ఒకటి వాళ్ల కోసం కలిగే ఆర్తి. రెండోది మనకే కలిగే యాతన. పైకి రెండూ కన్నీళ్లే. 1981లో బాట్సన్ బృందం చూపించింది ఇది: తప్పుకునే దారి సులువుగా ఉంటే, యాతన ఎక్కువున్నవాళ్లు తప్పుకున్నారు, ఆర్తి ఎక్కువున్నవాళ్లు ఉండిపోయి సాయం చేశారు. ఫోన్ ఎత్తకుండా వదిలేస్తున్నారంటే మీలో యాతన పాలు పెరిగిందని అర్థం, దయ తగ్గిందని కాదు.

యాతన పెరగడానికి మామూలు దారి, అందరూ మంచిదని చెప్పే సలహాయే: 'ఆ స్థానంలో నేనుంటే?' అని ఊహించుకోవడం. 1997 నాటి ఒక ప్రయోగంలో, ఎదుటి మనిషికి ఎలా ఉందో ఊహించినవాళ్లకు ఆర్తి కలిగింది. తనకే అయితే ఎలా ఉంటుందో ఊహించినవాళ్లకు ఆర్తితో పాటు యాతన కూడా మొదలైంది. రోజుకు అయిదు ఫోన్లలో అయిదుసార్లు మీ బిడ్డకే కేన్సర్ వచ్చినట్టు ఊహించుకుంటే ఎవరు తట్టుకోగలరు? ఊహించకండి, అడగండి. 2018లో ఎయల్, స్టెఫెల్, ఎప్లీ అనే పరిశోధకులు 25 ప్రయోగాలు చేసి చూస్తే, ఎదుటివాళ్ల దృష్టిలోంచి ఊహించుకోవడం వల్ల అంచనా సరిగ్గా రావడమేమీ పెరగలేదు. నేరుగా అడిగితేనే తెలిసింది.

కాబట్టి ఫోన్‌లో మొదట 'ఇప్పుడు మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేంటమ్మా?' అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. చాలాసార్లు మీరనుకున్న జవాబు రాదు. ఆపరేషన్ గురించి భయం అనుకుంటాం, ఆవిడ ఇంట్లో వదిలేసి వచ్చిన చిన్నపిల్లాడి గురించి చెబుతుంది. 'మీ బాధ నాకు తెలుసు' అనకండి, తెలియదు కనుక. ఆవిడ చెప్పింది ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి. 20, 25 నిమిషాలు చాలు, ఆ సంగతి ముందే చెప్పండి. ఒక కేసుకూ ఇంకో కేసుకూ మధ్య పది నిమిషాలు ఖాళీ ఉంచుకోండి. ఆ పది నిమిషాల్లో ఒక పని చేయండి: ఇప్పుడే మాట్లాడిన మనిషికి మేలు జరగాలని మనసులో స్పష్టంగా కోరుకోండి. క్లిమెకీ, సింగర్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదుటివాళ్ల బాధను పంచుకునే సాధన చేసినవాళ్లలో బాధ లాంటి ప్రతికూల భావాలు పెరిగాయి. తర్వాత వాళ్లే కరుణ సాధన చేశాక అవి వెనక్కి తగ్గి, సానుకూల భావాలు పెరిగాయి.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఫోన్ చేసినవాళ్ల మీద కోపం వస్తున్నా ఒక నెల ఫోన్ల పని వేరేవాళ్లకు అప్పగించి, మీరు లెక్కలు చూసుకోండి. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసినవాళ్లు 'చచ్చిపోవాలనుంది' అంటే మాట మార్చకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి, పక్కన ఎవరున్నారో తెలుసుకోండి, ఆ నంబరు ఇవ్వండి, ప్రమాదం వెంటనే ఉందనిపిస్తే 112కి చేయండి.

నిధి నుంచి ఇవ్వలేమని తేలినవాళ్లకు మీరే ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. మొదటి వాక్యంలోనే 'ఈసారి ఇవ్వలేకపోతున్నామమ్మా' అని చెప్పేయండి. 'చూద్దాం', 'ప్రయత్నిస్తాం' అంటే ఆ ఇంటివాళ్లు మరోచోట అడగకుండా మీ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. తర్వాత కారణం ఒక్క ముక్కలో చెప్పి, మళ్లీ దరఖాస్తు చేయగల తేదీ, వేరే చోట అడగడానికి కావలసిన కాగితాల పేర్లు ఫోన్ పెట్టేలోపు రాయించండి.