పుట్టినరోజుకి గ్రాఫిక్ నవల: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి

ప్రశ్న: మా స్నేహితురాలికి వచ్చే నెల ముప్ఫై నిండుతాయి. తెలుగు కథలు, నవలలు బాగా చదువుతుంది. ఇంగ్లీషు చదువుతుంది గానీ నెమ్మదిగా. బొమ్మల పుస్తకాలంటే చిన్నప్పటి అమర్ చిత్ర కథలే. ఈసారి గ్రాఫిక్ నవల, అంటే బొమ్మలతో నడిచే నవల ఇద్దామనుకుంటున్నాను. ఎవరిని అడిగినా ‘మౌస్’ అంటున్నారు. కొనేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ‘మౌస్’ గొప్ప పుస్తకమే. ఆర్ట్ స్పీగల్‌మన్ తన తండ్రి నాజీల చేతిలోంచి బతికి బయటపడ్డ వైనాన్ని, యూదుల్ని ఎలుకలుగా, జర్మన్లని పిల్లులుగా గీసి చెప్పాడు. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. అయినా మీ స్నేహితురాలికి మొట్టమొదటి గ్రాఫిక్ నవలగా అది వద్దంటాం. దాదాపు 300 పేజీలు, గడిగడికీ మాటలే. పైగా ఆ తండ్రి ఇంగ్లీషు పోలండు నుంచి వచ్చిన ముసలాయన ఇంగ్లీషు. వాక్యాలు కావాలనే తిరగేసి రాసినవి. నెమ్మదిగా చదివేవాళ్లు అక్కడే చిక్కుకుంటారు. పుట్టినరోజు సాయంత్రం కేకు కోశాక విప్పి చూసుకునే పుస్తకమూ కాదది.

ఆమెకి మా మొదటి ఎంపిక ‘ది అరైవల్’. ఆస్ట్రేలియా చిత్రకారుడు షాన్ టాన్ పుస్తకం, 2006లో వచ్చింది. కథలో ఒక్క మాట కూడా లేదు. బతుకుతెరువు కోసం పెళ్లాన్నీ కూతుర్నీ వదిలి తెలియని దేశానికి పోయే మనిషి కథ. మొదటి పేజీ చూడండి: కాగితపు పిట్ట, గడియారం, టోపీ, టీ కెటిల్... అన్నీ ఇంట్లో వస్తువులే, ఒక్కోదానికి ఒక్కో గడి. ఆ తర్వాత రెండు చేతులు కుటుంబం ఫోటోని గుడ్డలో చుట్టి పెట్టెలో పెడతాయి. అంతే, ప్రయాణం మొదలైందని మనకి తెలిసిపోతుంది. ఓడ మీద రోజులు గడవడాన్ని చిన్నచిన్న గళ్ళలో మబ్బులు గీసి చూపిస్తాడు. కొత్త ఊళ్లో బోర్డుల మీద ఉన్నది ఎక్కడా లేని లిపి, చిత్రకారుడు సొంతంగా కల్పించింది. ఇంగ్లీషు గడగడా చదివేవాడికీ మీ స్నేహితురాలికీ ఆ బోర్డు ముందు ఒకటే పరిస్థితి. గల్ఫ్‌కో అమెరికాకో మనుషుల్ని పంపిన ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు.

ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి. వచనం అలవాటైన కన్ను మాటల వెంట పరుగెత్తి, మాటల్లేని పేజీని రెండు సెకన్లలో తిప్పేస్తుంది. అలా చదివితే ఐదారు నిమిషాల్లో అయిపోతుంది, ‘ఇంతేనా’ అనిపిస్తుంది. పేజీకి కనీసం అర నిమిషం ఇవ్వమనండి.

కొంత మాట కూడా ఉండాలనుకుంటే ‘భీమాయన’. నవయాన ప్రచురణ, 2011. అంబేడ్కర్ జీవితంలోని అవమానాల్ని నీళ్లు, నీడ, ప్రయాణం అనే మూడు భాగాలుగా చెప్పారు. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు చిత్రకారులు బొమ్మలు వేశారు. ఇందులో నలుపలకల గళ్ళు ఉండవు. గోడల మీద, నేల మీద వేసే ‘దిగ్నా’ ముగ్గు గీతలే పేజీని పాయలు పాయలుగా విడదీస్తాయి. మంచి మాట పిట్ట ఆకారపు బుడగలో ఉంటుంది. కుట్టే మాటకి బుడగ చివర తేలు కొండి. ఈ రెండూ ముందే చెప్పి ఇస్తే మొదటి పేజీ నుంచే పట్టుకుంటారు.

ఆత్మకథలు ఇష్టపడే మనిషైతే మర్జాన్ సత్రపీ ‘పెర్సెపొలిస్’. 1979 విప్లవకాలపు ఇరాన్‌లో ఒక ఆడపిల్ల ఎదుగుదల. చిన్న వాక్యాలు, తేలిక ఇంగ్లీషు. ఒక జాగ్రత్త: ఇంగ్లీషులో ఇది రెండు భాగాలుగానూ దొరుకుతుంది, కలిపి ఒకే పుస్తకంగానూ దొరుకుతుంది. మొదటి భాగం ఎయిర్‌పోర్టులో ఆగిపోతుంది. అట్ట మీద ‘కంప్లీట్’ అని ఉన్నదే తీసుకోండి. ‘మౌస్’కీ ఇదే చిక్కు. 1986 నాటి మొదటి భాగం, 1991 నాటి రెండో భాగం ఇప్పటికీ విడివిడిగా కూడా అమ్ముతున్నారు.

ప్రశ్న: మా రూమ్మేట్‌కి మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పిచ్చి. వాడి దగ్గర ఏ భాగాలున్నాయో అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది. ఎలా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అడగొద్దు, వాడు స్నానానికి వెళ్లినప్పుడు షెల్ఫ్ ఫోటో తీయండి. వెన్ను మీద నంబరుంటుంది. దాంతో పాటు పుస్తకం మందం కూడా చూడండి, తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఉదాహరణకి ‘నరుటో’ మొత్తం 72 భాగాలు. అవే మూడేసి కలిపి 24 లావు పుస్తకాలుగానూ వచ్చాయి. వాడి దగ్గర విడి భాగాలు 21 దాకా ఉన్నాయనుకోండి. మీరు పొరపాటున లావు వాటిలో 22వది తెస్తే అందులో ఉండేవి 64, 65, 66 భాగాలు. నలభై రెండు భాగాలు దాటేశారన్నమాట. ‘వన్ పీస్’ లాంటివైతే వంద భాగాలు దాటి ఇంకా నడుస్తున్నాయి. షెల్ఫ్ చూసే వీలు లేకపోతే అలాంటి వాటి జోలికి పోకుండా, 12 భాగాలతో ముగిసిన ‘డెత్ నోట్’ లాంటి దాని మొదటి భాగం ఇవ్వండి. ఫోన్‌లో చదివేసినా సరే, మాంగా ఇష్టపడేవాళ్లు కాగితం పుస్తకాన్ని కాదనరు.

మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి. అంటే మనకి వెనక అట్టగా కనిపించేదే ముందట్ట. తిరగేసి బైండ్ చేశారని షాపుకి వాపసు పట్టుకెళ్లకండి!

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇవే పుస్తకాలు సగం ధరకి కనిపిస్తున్నాయి. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఒకరు చదివి అమ్మేసిన అసలు ప్రతి అయితే నిశ్చింతగా కొనండి. కొత్తగా నిగనిగలాడుతూ సగం ధరకి వచ్చేదాన్నే అనుమానించాలి. దొంగ ప్రింటు మామూలు నవలనైతే అంతగా పాడుచేయదు, అక్షరాలు కాస్త మసకబారినా కథ అందుతుంది. బొమ్మల పుస్తకంలో అలా కుదరదు. అచ్చయిన పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తారు కాబట్టి సన్నగీతలు తెగిపోతాయి, ‘పెర్సెపొలిస్’ లాంటి వాటిలో చిక్కని నలుపు బూడిదరంగుకి దిగి మచ్చలు పడుతుంది. స్కానింగ్‌లో లోపలి అంచు వంగుతుంది, పైగా గమ్ బైండింగ్‌లో మరికొంత మునుగుతుంది. మధ్య పేజీ తెరిచి బొటనవేలితో మెల్లగా నొక్కండి. బుడగలోని చివరి అక్షరాలు వెన్నులోకి పోతుంటే పక్కన పెట్టేయండి. ఒక కాగితాన్ని వెలుతురుకి పెట్టకుండానే వెనక బొమ్మ కనిపిస్తున్నా అంతే.

పాత ప్రతుల్లో ఇంకో ప్రమాదం ఉంది, ఫారం (కలిపి కుట్టిన పేజీల కట్ట) ఎగిరిపోవడం. పుస్తకం 16 పేజీల ఫారాలుగా కుట్టి ఉంటే, ఒకటి ఊడితే 16 పేజీలు మాయం. గ్రాఫిక్ నవలల్లో చాలా పేజీలకి నంబర్లు వేయరు గనక అది కంటికి ఆనదు. వెన్ను పైభాగాన్ని చూసి కట్టల మధ్య సందు ఉందేమో గమనించండి. అక్కడ తెరిచి, వరసగా నాలుగు పేజీల్లో కథ అతుకుతుందో లేదో చదవండి.

ప్రశ్న: పుస్తకం మీద ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అని రాసి ఇవ్వొచ్చా? ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నున్నటి ఆర్ట్ పేపరు సిరాని పీల్చుకోదు. జెల్ పెన్నుతో రాసి వెంటనే మూస్తే ఎదుటి పేజీ మీద అచ్చు పడుతుంది. పేరు మాత్రమే ఉండే మొదటి పేజీ చాలా పుస్తకాల్లో గరుకు కాగితమే, అక్కడ బాల్ పెన్నుతో తేలిగ్గా రాసి పది నిమిషాలు ఆరనివ్వండి. అదీ నున్నగా ఉంటే విడి కార్డు మీద రాసి లోపల పెట్టండి. మార్చుకునే అవకాశం ఉండాలంటే కూడా కార్డే మేలు.

ఆన్‌లైన్ అయితే కనీసం పది రోజుల ముందు ఆర్డర్ పెట్టండి. దూరం వల్ల కాదు, మూలల వల్ల. పెద్ద సైజు పుస్తకాన్ని ఉత్త ప్లాస్టిక్ కవర్లో పంపితే అట్ట మూల మడత పడి వస్తుంది, మార్పించుకోవడానికి రోజులు కావాలి. రాగానే విప్పి చూడండి. ధర స్టిక్కర్‌ని గోటితో గీకకండి, అట్ట మీది పొర లేస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడి మీద పెట్టి అర నిమిషం చూపించి, ఒక మూల లేపి, అట్టకి ఆనించినట్టుగా మెల్లగా లాగండి.