కృష్ణలో ఈత నేర్చినవాళ్లు చల్లటి సముద్రంలో స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈత) చేయగలరా? అక్కడ ఏం కనిపిస్తాయి?

చేయగలరు, కానీ విజయవాడ ఘాట్లలో నేర్చిన ఈత ఒక్కటే చాలదు. గాలికంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. నార్వే, స్కాట్లాండ్ తీరాల్లో 10 డిగ్రీల నీళ్లంటే మన ఎండలకు అలవాటైన ఒంటికి డ్రై సూట్ ఉండాల్సిందేనని నా అభిప్రాయం. దాని లోపలికి నీరు రాదు, కింద వెచ్చటి బట్టలు వేసుకోవచ్చు. అయితే సూట్‌లోని గాలిని అదుపు చేయడం విడిగా నేర్చుకోవాలి. అది రాకపోతే ఒక్కసారిగా పైకి తేలిపోతారు, ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఇక జీవాలంటారా, పుష్కలం! చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది. రాతి నేలమీద కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు అడవిలా పెరుగుతుంది. టార్చి వేసి రాళ్ల సందుల్లో నిదానంగా చూడండి: పీతలు, నక్షత్ర చేపలు, పువ్వుల్లా కనిపించే ఎనిమోన్లనే జీవులు, రంగురంగుల నూడిబ్రాంకులు (పెంకు లేని సముద్రపు నత్తలు). ఈ చివరివి చాలావరకు వేలెడంత కూడా ఉండవు, తొందరపడితే కంటపడవు.