ఎమ్మారైకి వెళ్లబోతున్న మా మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ నడుము నొప్పికి డాక్టరుగారు ఎమ్మారై రాశారని మీ అమ్మ చెప్పింది. నువ్వు లోలోపల భయపడుతున్నావనీ చెప్పింది. పద్దెనిమిదేళ్లు ఆ మిషన్ దగ్గర టెక్నీషియన్‌గా చేసినవాణ్ణి, నీకు రాయకుండా ఎలా ఉంటాను?

ముందు నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్న సంగతి. బాలానగర్‌లో లేత్ మీద పనిచేసిన రోజుల్లో నీ కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా? తీయించుకున్నా సరే, అదే పోయిందనుకున్నా సరే, టెక్నీషియన్‌కు చెప్పు. కంటి లోపల నలుసంత ఇనుము మిగిలినా ఎమ్మారై మిషన్‌లోని పెద్ద అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది, చూపుకే ప్రమాదం. అనుమానముంటే ముందు కంటికి ఎక్స్‌రే తీసి చూస్తారు. వాళ్లిచ్చే ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది. చాలామంది చదవకుండానే అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేస్తారు. అలా పెట్టిన ఫారాలు చూసి నాకెన్నిసార్లు గుండె ఝల్లుమందో. గుండెకు పెట్టిన పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, వినికిడి కోసం చెవిలో అమర్చిన కాక్లియర్ మిషన్, పాత ఆపరేషన్ రాడ్లు, స్టెంట్లు... ఏది ఉన్నా చెప్పాల్సిందే. ఉన్నంత మాత్రాన స్కాన్ చేయరని కాదు. అది ఏ రకమో తెలియాలి, అందుకే డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లాలి.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు బుల్లి అయస్కాంతాల్లా ఉంటాయి. మిషన్ వాటిని ఒక వరసకు తెచ్చి, రేడియో తరంగాలతో కదిలిస్తుంది. అవి మళ్లీ సర్దుకునేటప్పుడు వదిలే సన్నని సంకేతాలతోనే బొమ్మ తయారవుతుంది. ఎక్స్‌రేల్లాంటి రేడియేషన్ ఇందులో లేదు, ఆ భయం వదిలెయ్.

భయపడాల్సింది అయస్కాంతానికే. అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. 1.5 టెస్లా మిషనంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల దగ్గర ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి, అంత చలిలో కరెంటు తరగకుండా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఊళ్లో కరెంటు పోయినా, రాత్రి గదికి తాళం వేసినా అది లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో, బంధువుకు తోడుగా వచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. తోడు వెళ్లినవాడు నాయనా, రోగి కూడా కాదు.

మీ అమ్మ నీతో వస్తానంటోంది. సూత్రాలకూ గాజులకూ పిన్నీసులు గుచ్చుకోవడం అక్కకు చిన్నప్పటి అలవాటు. తను బయటే కూర్చోవాలి. నువ్వు ఫోను, వాచీ, బెల్టు, ఏటీఎం కార్డుతో పాటు మొలతాడు, తాయెత్తు కూడా తీసి అమ్మకివ్వు. తాయెత్తు తీయడానికి మనసొప్పదని తెలుసు, స్కాన్ అవగానే కట్టుకో.

లోపల అరగంట దాకా పడుతుంది. మీ షాపులో రేకు మీద సుత్తి పడుతున్నట్టే మోత ఉంటుంది. ఇందాక చెప్పినవి కాక లోపల ఉండే వేరే తీగచుట్టల్లో కరెంటు క్షణక్షణం మారుతూ వాటిని అదరగొట్టడం వల్ల వచ్చే చప్పుడది, మిషన్ పాడైపోయి కాదు. చెవిలో దూది లాంటి ప్లగ్గులు ఇస్తారు, లోపలికంటా పెట్టుకో. బల్ల కదలకముందే కళ్లు మూసుకో, బయటికి వచ్చేదాకా తెరవకు. కాళ్లవైపు నుంచి పంపగలరేమో అడుగు, తల అంచుకు దగ్గరగా ఉంటే ఊపిరాడుతున్నట్టుంటుంది. చేతికిచ్చే రబ్బరు బుడ్డి నొక్కితే వాళ్లు వెంటనే పలుకుతారు. నొక్కడానికి సిగ్గుపడకు.

ఇంకోటి. భయంలో మనవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటూ రెండు చేతులూ జోడిస్తారు. దణ్ణం మనసులోనే పెట్టుకో. చేయీ చేయీ, కాలూ కాలూ తగులుతుంటే ఒంట్లో కరెంటు చుట్టు తిరిగే దారి ఏర్పడి అక్కడ చర్మం కాలవచ్చు.

బొమ్మ ఇంకా స్పష్టంగా రావడానికి కొందరికి మందు ఇంజెక్షన్ ఇస్తారు, నడుముకు మామూలుగా అది అక్కర్లేదు. ఇవ్వాలంటే మాత్రం కిడ్నీల సంగతీ, ఏ మందైనా పడకపోతే ఆ సంగతీ చెప్పు. వెళ్లేముందు మూత్రానికి వెళ్లిరా.

రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త ఉబ్బిందని, చూసి బెంబేలెత్తకు. నొప్పి ఏమాత్రం లేనివాళ్లకు తీసినా అది చాలామందిలో కనబడుతుంది. నీ ఒంటిని పరీక్షించిన డాక్టరే దాని అర్థం చెప్పాలి. పాత ఎక్స్‌రేలు కూడా ఆయనకు చూపించు.

ముందురోజు రాత్రి నాకు ఫోన్ చెయ్యి. కంట్లో రజను సంగతి బాగా గుర్తు చేసుకుని మరీ చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య