పూజగది పాలరాయి మీద నూనె మరక: సమాధానం

పూజగది పాలరాయి మీద దీపం చుట్టూ పసుపు వలయం, పక్కన మెరుపు పోయిన మచ్చలు పడ్డాయని, ఎలా పోగొట్టాలని అడిగారు. ఆ పసుపు వలయం రాతిలోకి ఇంకిన నూనె. మెరుపు పోయిన మచ్చలు వేరే సంగతి. ఇత్తడి కుందులను చింతపండుతో అక్కడే తోమి ఉంటారు. పాలరాయిని పులుపు తినేస్తుంది. (తాండూరు బండలకూ అంతే, అవీ సున్నపురాయే.)

1. వంటసోడాలో నీళ్లు పోసి ఇడ్లీపిండిలా కలిపి మరక మీద మందంగా పట్టించండి.

2. ప్లాస్టిక్ కవర్ కప్పి, అంచులకు టేపు వేసి ఒక రోజు వదిలేయండి.

3. అసలు పని ఇక్కడుంది. చాలామంది కవర్ తీయగానే తడి పిండిని తుడిచేస్తారు. తుడవద్దు. అది పొడిపొడిగా రాలేదాకా ఆరనివ్వండి. ఆరేటప్పుడే నూనెను పైకి లాగుతుంది. పాత మరకైతే ఇంకోసారి వేయాల్సిందే.

మెరుపు పోయిన చోట ఇది పనిచేయదు, పాలిష్ మేస్త్రీని పిలవాలి. నల్లగొండ లాంటి చోట్ల బోరు నీళ్లు ఆరి మిగిలే తెల్లచారలకు వెనిగర్ మాత్రం వాడకండి, అదీ పులుపే.