ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు వేలం మేలా, స్థిర ధర మేలా?

బజారు రేటు అందరికీ తెలిసిన వస్తువుకు స్థిర ధర, విలువ ఎవరూ కచ్చితంగా చెప్పలేని అరుదైన వస్తువుకు వేలం మేలు. వాడిన ఫోన్ కొనేవారు వేలం ముగిసేదాకా ఆగరు. నిజాం కాలపు చార్మినార్ బొమ్మ వెండి రూపాయికి మాత్రం ముద్రించిన సంవత్సరాన్ని, అరుగుదలను చూసి ఒక్కొక్కరు ఒక్కో విలువ కడతారు గనుక, హైదరాబాదులోని అమ్మకందారు తానే ధర పెడితే తక్కువకే వదులుకునే ప్రమాదం ఉంది. అయితే పోటీకి కనీసం ఇద్దరైనా రాకపోతే పాట ప్రారంభ ధర దగ్గరే ఆగిపోతుంది.

గెలిచినవారు తాము రాసిన గరిష్ఠ మొత్తమంతా కట్టాలన్నది చాలామందికి ఉన్న అపోహ. ఈబే వంటి వేలం సైట్లలో మనం రాసిన గరిష్ఠం దాటకుండా వ్యవస్థే మన తరఫున కొద్దికొద్దిగా పాట పెంచుతుంది; ఆ వెండి నాణేనికి మీరు 8,000 రూపాయలు, మరొకరు 5,000 వరకు సిద్ధపడితే, మీరు కట్టేది 5,000 పైన ఒక్క మెట్టు, అంటే ఒక్కసారి పెంచే మొత్తం మాత్రమే.