పరకాలలో విమానాల బడి పెట్టాలనుకుంటున్న తమ్ముడికి

తమ్మీ,

పిల్లలకు విమానాల సంగతులు చేత్తో చేయించి నేర్పే సెంటరు పెడతానన్న నీ ఉత్తరమూ, దాంతో పంపిన సామాను లిస్టూ చదివాను. మొదటి వరుసలో రిటైరైన విమానం ఉంది, రెండో వరుసలో త్రీడీ ప్రింటర్ ఉంది, చిట్టచివర జిగురూ కత్తెరా ఉన్నాయి. ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదువుకో, పని జరిగే వరుస అది. పాత విమానం తెస్తే దానికి దిమ్మె కట్టాలి, రంగులు వేయించాలి, రెక్కల్లో పావురాలు గూళ్లు పెట్టకుండా కాపలా కాయాలి. పిల్లలు దాని ముందు ఒకసారి ఫొటో దిగుతారు, రెండోసారి రారు.

వరంగల్ పక్కన మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చినప్పటి నుంచి మన దిక్కు అందరికీ ఈ ఊపు వచ్చింది. మంచిదే. 1930లో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం, 1981 దాకా విమానాలు దిగిన చోటు. కానీ అక్కడ మళ్లీ విమానం దిగేదాకా మీ సెంటరు ఆగక్కర్లేదు. థర్మాకోల్ షీటు పరకాల స్టేషనరీ దుకాణంలోనే దొరుకుతుంది.

ముందు మనుషుల సంగతి చూసుకో. ఎన్ఐటీ పిల్లలు వచ్చి నేర్పుతారని రాశావు. వస్తారు, బాగా నేర్పుతారు, సెమిస్టర్ పరీక్షలు రాగానే మాయమవుతారు. వాళ్ల మీదే బండి నడపకు. కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన ఫిట్టర్లను, సింగరేణి వర్క్‌షాపు పెన్షనర్లను, ఊళ్లో మోటార్ వైండింగ్ చేసే ఆయన్ను, ఒక వడ్రంగిని, సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్పి దిగిపోయిన సారును పట్టుకో. బోల్టు ఎంత బిగించాలో, ఎక్కడ ఆపాలో చేతికి తెలిసిన మనిషి ఒక్కడుంటే చాలు, సగం ప్రమాదాలు జరగవు. ఆరుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి. ఇరవై నాలుగు మందికి మించి చేర్చుకోకు. నలుగురు పెద్దవాళ్లలో ఇద్దరే వచ్చిన శనివారం పన్నెండు మందితోనే పని చేయించు, మిగతావాళ్లకు ముందురోజే చెప్పు.

హాలు నలభై బై పాతిక అడుగులుంటే సరిపోతుంది. నాలుగు బల్లలు చేయించు: ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు, మందం 19 మిల్లీమీటర్లు, ఇనుప కాళ్లు, ఎత్తు ముప్పై అంగుళాలు. కరెంటు పైనుంచి బల్ల మీదికి దిగాలి. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సులు పెడితే ఎవడో ఒకడు వైరు కాలికి తగిలించుకుంటాడు, సోల్డరింగ్ ఐరన్ వాడి మీద పడుతుంది. మీటరు పక్కన 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. పనిముట్లకు గోడ మీద ప్లైవుడ్ కొట్టి, ఒక్కోదాని ఆకారం రంగుతో గీయించు. క్లాసు అయ్యాక ఖాళీ ఆకారం కనిపిస్తే, ఆ స్క్రూడ్రైవర్ దొరికేదాకా ఎవరూ ఇంటికి పోవద్దు. విమానాల హ్యాంగర్లలోనూ ఇదే పద్ధతి, ఎందుకంటే అక్కడ మరిచిపోయిన పాన ఇంజన్‌లో తేలుతుంది. పిల్లలకు ఏవియేషన్ మొదటి పాఠం ఇదే కావాలి, దీనికి పైసా ఖర్చు లేదు.

మొదటి ఆరు వారాలు చేత్తో విసిరే గ్లైడర్ తప్ప ఇంకేమీ వద్దు. రెక్క నలభై సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, ఐదు మిల్లీమీటర్ల షీటులో కోసింది. ఒంటికి పతంగి కమాను లాంటి వెదురు పుల్ల, ముప్పై ఐదు సెంటీమీటర్లు. వెనక అడ్డతోక పద్నాలుగు బై ఐదు, నిలువు తోక ఆరు బై ఐదు. రెక్కను మధ్యలో సగం లోతు కోసి, రెండు కొనలూ మూడేసి సెంటీమీటర్లు పైకి లేచేలా వంచి అతికించాలి. ఆ వంపు లేకపోతే పక్కకు ఒరిగిన గ్లైడర్ మళ్లీ నిటారుకు రాదు. ఫెవిక్విక్ దగ్గరికి రానీయకు, అది థర్మాకోల్‌ను తినేస్తుంది. తెల్ల ఫెవికోల్ వాడి రాత్రంతా ఆరనివ్వాలి, తొందరుంటే రెండువైపులా అంటుకునే టేపు.

బ్లేడుతో కోస్తే పూసల థర్మాకోల్ రాలుతుంది కాబట్టి వేడితీగ కట్టర్ చేసుకోండి. 0.3 మిల్లీమీటర్ల నైక్రోమ్ తీగ (హీటర్ కాయిల్లో ఉండేది) నలభై ఐదు సెంటీమీటర్లు, 12 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్. రెండు ఆంపియర్ల లోపే లాగుతుంది, తీగ ఎర్రబడకుండానే వెన్నలా కోస్తుంది. ఎర్రబడిందంటే తీగ పొట్టిదైంది. ఒక కొనకు స్ప్రింగు కట్టకపోతే వేడికి సాగి వదులై కోత వంకరపోతుంది. కిటికీ పక్కన బల్ల మీదే కోయాలి, పొగ మంచిది కాదు.

ఇక బరువు. రెక్క ముందు అంచు నుంచి వెనక్కి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర కింద పెన్నుతో రెండు చుక్కలు పెట్టించి, రెండు పెన్సిళ్ల మొనల మీద ఆ చుక్కలు ఆనేలా నిలబెట్టమను. తోక కిందికి వాలితే ముక్కుకు బరువు అతికించాలి, ముక్కు వాలితే తగ్గించాలి. ఆ బరువుకు చెరువు మట్టి వాడొద్దు. తడి మట్టి పెట్టి శనివారం చక్కగా ఎగిరింది వచ్చే శనివారానికి ఎగరదు: మట్టి ఎండి తేలికై, బరువు నిలిచే చోటు వెనక్కి జరిగిపోతుంది. పోరగాళ్లు రెక్కను అనుమానిస్తారు. ఎంసీల్ ముద్ద గానీ నాణెం గానీ పెట్టండి.

ఎగిరి, ముక్కు పైకెత్తి, ఆగి, దబ్బున పడి మళ్లీ లేస్తుంటే ముక్కు బరువు చాలలేదు. నేరుగా నేలకు పొడుచుకుంటే బరువు ఎక్కువైంది, లేదా అడ్డతోక వెనక అంచును కొంచెం పైకి వంచాలి. ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతుంటే రెక్క మెలిపడింది, ఎదురుగా పట్టుకొని చూస్తే తెలుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినప్పుడల్లా ఐదుసార్లు విసరాలి, టేపుతో కొలిచి నోటుబుక్కులో రాయాలి. పిల్లలు రెండు మూడు ఒకేసారి మార్చేస్తారు, అప్పుడు ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. ఈ రాత విషయంలో మాత్రం మొహమాటపడకు. రాయనివాడికి ఆ వారం కొత్త షీటు లేదు.

రెండో మెట్టు గాలి సొరంగం, అంటే ఫ్యాన్‌తో గాలి లాగి అందులో రెక్కను పరీక్షించే పెట్టె. మీ డబ్బులో ఎక్కువ పెట్టదగ్గది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. లోపలికి గాలి వచ్చే నోరు నలభై సెంటీమీటర్ల చదరం, మోడల్ పెట్టే గది పదహారు సెంటీమీటర్ల చదరం, మధ్యలో నున్నగా సన్నబడే గరాటు. గది వెనక నుంచి ఎనభై సెంటీమీటర్ల పొడవున మెల్లగా వెడల్పవుతూ పన్నెండు అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు చేరాలి. ఆ ఎనభైని నలభై చేస్తే గాలి గోడల్ని వదిలి సుడులు తిరుగుతుంది, వేగం పడిపోతుంది. ఫ్యాన్ వెనకే ఉండి గాలిని లాగాలి, ముందు పెట్టి ఊదించొద్దు. ఊదిన గాలి మెలికలు తిరిగి వస్తుంది, అందులో ఏం కొలిచినా తప్పే.

నోటి దగ్గర గాలిని సాఫు చేయడానికి స్ట్రాలు పేర్చాలి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జూలై నుంచి నిషేధం కాబట్టి కాగితంవి కొనండి: ఆరు మిల్లీమీటర్ల లావువి, ఒక్కోదాన్ని ఐదు సెంటీమీటర్ల ముక్కలుగా నాలుగు చేయాలి. నలభై చదరానికి పదమూడు వందల స్ట్రాలదాకా పడతాయి. ఒకరోజు ఇరవై నాలుగు మందినీ కూర్చోబెడితే అయిపోతుంది. వెనక దోమల జాలీ బిగిస్తే ముక్కలు కదలవు.

గది ఒకవైపు అక్రిలిక్, ఎదుటి గోడకు నల్ల రంగు. ముందు రెగ్యులేటర్ తగ్గించి, అగరుబత్తి పొగ పంపి చూపించు. రెక్కను కొద్దికొద్దిగా పైకి తిప్పుతుంటే పొగ గీత రెక్క వీపును అంటుకొని పోతుంటుంది, ఒక కోణం దాటాక విడిపోయి చెదిరిపోతుంది. స్టాల్ (గాలి ఇలా విడిపోయి రెక్క లేపే బలం పడిపోవడం) అంటే ఏమిటో ఇక నోటితో చెప్పక్కర్లేదు. ఆ పొగలోనే ఇంకోటి చూపించు: ‘పైన గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలిని అందుకోవాలి, అందుకే వేగంగా పోతుంది’ అని చాలాచోట్ల చెప్తారు. తప్పు. పై గాలి కింది గాలిని అందుకోవాలన్న రూలేమీ లేదు, అది ముందే వెళ్లిపోతుంది. రెక్క గాలిని కిందికి వంచి పంపుతోంది, పొగ గీత వెనక కిందికి వాలడంలోనే అది కనిపిస్తుంది.

తర్వాత ఫ్యాన్ పూర్తిగా తిప్పి తూకం వేయాలి. ఇంత చిన్న సొరంగంలో సెకనుకు ఐదారు మీటర్ల గాలే వస్తుంది, పద్నాలుగు సెంటీమీటర్ల రెక్క పది గ్రాముల అటూఇటూ మాత్రమే లేపుతుంది. వంటింటి తూకం పనికిరాదు, పాయింట్ ఒకటి గ్రాము చూపే నగల తూకం కొనండి. రెక్కను సన్నటి కడ్డీ మీద నిలబెట్టి, కడ్డీని సొరంగం అడుగు రంధ్రం గుండా కింద తూకం మీద ఆనించాలి. కడ్డీ రంధ్రం అంచుకు తగిలితే అంకె అతుక్కుపోతుంది. పిల్లలకు ఆశ్చర్యం కలిగించే ఫలితం ఒకటి వస్తుంది: పుస్తకంలో బొమ్మలా లావుగా చెక్కిన రెక్క కంటే కొంచెం వంచిన అట్టముక్క ఎక్కువ లేపుతుంది. సొరంగం తప్పు కాదది. ఇంత చిన్న సైజులో, ఇంత తక్కువ వేగంలో గాలి స్వభావమే అంత. తూనీగ రెక్క పల్చగా ఎందుకుందో అప్పుడు అడుగు.

ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) గురించి చెప్పడానికి పరికరం కొనకు. గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉన్న ఫోన్ ఒకటి వెతుకు. సుమారు ఎనిమిదిన్నర, తొమ్మిది మీటర్లు ఎక్కితే పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. హన్మకొండ పద్మాక్షి గుట్ట కింద ఒక రీడింగు, పైన ఒకటి తీసుకొని గుట్ట ఎత్తు లెక్క కట్టించు. గంటసేపు ఆగి మళ్లీ కిందే చూస్తే అంకె మారి ఉంటుంది, పైలట్ దిగేముందు ఆ చోటి పీడనం ఎందుకడుగుతాడో అదే జవాబు.

నీళ్ల రాకెట్‌కు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసానే వాడాలి, మంచినీళ్ల సీసా పగులుతుంది. మూడో వంతు నీళ్లు, గేజు ఉన్న పంపు, 60 పీఎస్ఐ దాటొద్దు, పది మీటర్ల దూరం, కళ్లద్దాలు. గీతలు పడ్డ సీసా, ఎండలో పడి ఉన్న సీసా చెత్తబుట్టకే.

రేడియో విమానం ఏడాది చివర. మీటరు, మీటరున్నర రెక్కలున్న ఫోమ్ ట్రైనర్, 2212 మోటారు వెయ్యి కేవీది (వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు), 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది), రెక్క, తోక పలకల్ని కదిపే తొమ్మిది గ్రాముల సర్వోలు నాలుగు, 2200 ఎంఏహెచ్ మూడు సెల్లుల లైపో బ్యాటరీ. ఇందులో ప్రాణం తీసేది లైపోనే. సెల్లుకు 4.2 వోల్టులకు మించి ఎక్కించొద్దు, 3.5 కిందికి దించొద్దు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. చార్జింగు 2.2 ఆంపియర్లతో, మనిషి ఎదురుగా ఉండగానే. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి అని వాడొద్దు. ఇసుక నింపిన మట్టికుండలో దాచండి. మే నెలలో రేకుల గదిలో వదిలేస్తే, మన ఎండకు అది బ్యాటరీ కాదు, బాంబు.

డ్రోన్ల దగ్గర 2021 డ్రోన్ రూల్స్ చదువుకో. 250 గ్రాముల లోపు నానో, రెండు కిలోల దాకా మైక్రో. వ్యాపారం కోసం కాకపోతే వీటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ప్రతిసారీ చూడాలి. విదేశీ రెడీమేడ్ డ్రోన్ల దిగుమతి 2022 నుంచి నిషేధం, విడిభాగాలు తెప్పించుకోవచ్చు. మామునూరు నడవడం మొదలైతే ఆ మ్యాపులో దాని చుట్టూ ఎగరేయొచ్చో లేదో చూపే రంగులు మారతాయి. పరకాల దూరమే, కానీ పిల్లలు తీసుకెళ్లి వరంగల్‌లో మేనమామ డాబా మీద ఎగరేస్తారు, చెప్పి ఉంచు.

నువ్వు రాసుకున్న క్యాలెండర్ మార్చు. బడులు తెరిచాక జూన్ చివర మొదలుపెట్టు. బతుకమ్మ, దసరాకు రెండు వారాలు వదిలెయ్. పత్తి ఏరే రోజుల్లో సగంమంది రారు, వాళ్ల పేర్లు కొట్టేయకు, అప్పుడు సంక్రాంతి దాకా పతంగులతో దారం కోణం కొలిచే తేలిక పాఠాలు పెట్టు (నూలు దారమే, నైలాన్ మాంజా కాదు). ఫిబ్రవరి తర్వాత పదో తరగతి పిల్లల్ని పిలవకు. ఎగరేసే పని ఉదయం ఎనిమిదిన్నర లోపే, తర్వాత గాలి లేస్తుంది. ఆడపిల్లలు రావాలంటే క్లాసు సాయంత్రం ఐదుకల్లా ముగియాలి, చివరి బస్సు టైము బోర్డు మీద రాసి ఉండాలి.

కాగితాలు క్లుప్తంగా: సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ ఇవ్వరు, దానికి ముందు ఆదాయపు పన్ను శాఖలో సొసైటీ రిజిస్ట్రేషన్, దాతల పన్ను మినహాయింపు (12ఏ, 80జీ అనేవాళ్లు) చేయించు. మీ దగ్గర బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్రం బడులకు ఇచ్చే ప్రయోగశాల) ఉంటే హెడ్మాస్టరును అడిగి త్రీడీ ప్రింటర్‌ను అక్కడే వాడుకోండి, కొనే పని తప్పుతుంది. ఎవరు డబ్బిచ్చినా నాలుగో వంతు జిగురు, షీట్లు, స్ట్రాలు, బ్లేడ్లకు పక్కన పెట్టు. దాతలు యంత్రాలకు ఇస్తారు, జిగురుకు ఇవ్వరు.

తల్లిదండ్రులు ‘మావాడు పైలట్ అవుతాడా’ అనే అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు: ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, పద్దెనిమిదేళ్లు, రెండు వందల గంటల ఫ్లయింగు, ఖర్చు ఇల్లు కట్టినంత. అప్పు చేసే ముందు పైలట్లకు చేసే క్లాస్-1 వైద్య పరీక్ష చేయించుకోవాలి. రంగుల చూపులో తేడా ఉన్న సంగతి చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది.

హాలు కొలతలు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో, మీటరు ఎన్ని కిలోవాట్లదో రాసి పంపు. సొరంగం ఏ గోడకు పెట్టాలో దాన్ని బట్టి చెప్తాను. అప్పటిదాకా ఫ్యాన్ కొనకు.

మీ
పెద్దన్న